ఫోర్‌మన్ గారి గీత

ఆ మంగళవారం పొద్దున్న ఆ ఇంట్లో రేగిన రభసంతా సీటు బెల్టు గురించి.

"నేనేమన్నా సిమెంటు బస్తానా, ఇలా తాళ్లేసి కట్టడానికి? నలభై ఏళ్ల బండి ఇది. ఇన్నాళ్లూ బెల్టు లేకుండానే ఎక్కాను, దిగాను. ఏం, ఎక్కడన్నా జారిపడ్డానా?" అత్తగారు జీపు ముందు సీట్లో కూర్చుని, బెల్టు కొసని రెండు వేళ్లతో పురుగుని పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఇకముందు కూడా పడకూడదనే అత్తయ్యా." కోడలు కిటికీలోంచి చెయ్యి దూర్చి, బెల్టు లాగి టక్కున తగిలించేసింది. "మూడు ఆదివారాలు కూర్చుని కన్నాలు వేసి, ఇనప పట్టీలు వెల్డింగు చేసి మరీ పెట్టాను. నా కష్టం చూసైనా పెట్టుకోండి."

"మీ మామాకోడళ్ల ప్రయోగాలకి నేనొకదాన్ని దొరికాను! మోకాలి నొప్పి చూపించుకోవడానికి వెళ్తుంటే వీపు నొప్పి అంటగడుతున్నారు."

స్టీరింగు ముందు కూర్చున్న కొడుకు నవ్వు బిగబట్టి అద్దం సర్దుకున్నాడు. అతనికి మందుల షాపు ఉంది. బండి అంటే తాళం తిప్పగానే కదలాల్సిన వస్తువని, అంతకు మించి దానితో మనిషికి చుట్టరికం అక్కర్లేదని అతని అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని తండ్రి ముందు ఎప్పుడూ బయటపెట్టలేదు, అది వేరే సంగతి.

తండ్రి బస్సు డిపోలో ముప్పై రెండేళ్లు చేసి ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి. దిగిపోయి ఏడేళ్లయినా వీధి వీధంతటికీ ఆయన ఇంకా ఫోర్‌మన్ గారే. ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఉండే ఆ నాలుగు చక్రాలూ లాగే జీపే ఆయన లోకం. దానికి వేరే బండిలోంచి తెచ్చిన పవర్ స్టీరింగు అమర్చారు. భార్య మోకాళ్ల కోసం మెట్టు అతికించారు. వెనక బెంచీలు పీకి మెత్తటి సీట్లు వేశారు. ఆయన దాని కింద పడుకుని ఉండే గంటలు లెక్కపెట్టి, అత్తగారు ఆ జీపుకి 'సవతి' అని పేరు పెట్టింది.

విడ్డూరమల్లా కోడలిది. పళ్ల సెట్లు కట్టే ల్యాబులో ఆమెకి ఉద్యోగం. పెళ్లయి వచ్చిన రెండో నెలలో, టీ ఇవ్వడానికి షెడ్డులోకి వెళ్లిన మనిషి మధ్యాహ్నం భోజనానికి గాని బయటికి రాలేదు. అప్పటికి మోచేతుల దాకా గ్రీజు. "పంటికి పన్ను సరిపెట్టే చెయ్యి ఇది, దీనికి బేరింగు ఒక లెక్కా!" అని ఫోర్‌మన్ గారు పొంగిపోయారు. కన్న కొడుకుతో ముప్పై ఏళ్లలో ఆడని మాటలన్నీ ఆయన నాలుగేళ్లలో ఆ పిల్లతో ఆడేశారు. ఆమెకి తండ్రి చిన్నప్పుడే పోయాడు. అందుకేనేమో, ఆయన "అమ్మాయ్, పన్నెండో నంబరు పానా" అని చెయ్యి చాపితే ఆమెకి అదో గారాబంలా ఉండేది.

ఆ షెడ్డుకి ఒక శాసనం ఉంది. గూట్లో రెండు గోళ్ల రంగు సీసాలుంటాయి, ఒకటి పసుపు, ఒకటి తెలుపు. మూతకే కుంచె ఉంటుంది కాబట్టి పెయింటు డబ్బాల కన్నా ఇవే నయమని కోడలే కొని తెచ్చింది. బండి జాకీ మీద ఉండగా నట్లు చేత్తో మాత్రమే తిప్పి వదిలితే వాటి మీద పసుపు గీత పెట్టాలి. బండిని దించి, చక్రం నేలకి ఆనాక, పొడుగు పానాతో ఒళ్లంతా బరువు పెట్టి బిగిస్తే ఆ పసుపు మీదే తెల్ల గీత గీయాలి. పసుపు కనిపిస్తే పని మిగిలుందని, తెలుపు కనిపిస్తే అయిపోయిందని అర్థం. ఇందులో నోటి మాటకి చోటు లేదు.

"డిపోలో రెండొందల బస్సులు, మూడు షిఫ్టులు," అనేవారాయన. "పొద్దుటివాడు చెప్పింది సాయంత్రంవాడు విన్నాడో లేదో ఎవడికి తెలుసు? అందుకే చెప్పకు, వినకు. గీతే లెక్క."

ఆ పొద్దున్న కూడా ఆయన అలవాటు ప్రకారం బండి చుట్టూ ఒకసారి తిరిగారు. ఒక్కో చక్రం దగ్గర వంగి, నట్ల మీద గీతలు చూసి, బానెట్ మీద రెండు దెబ్బలు చరిచి "ఊఁ, పోనీ" అన్నారు. జీపు వీధి మలుపు తిరిగింది. కోడలు టిఫిన్ డబ్బా సంచిలో పడేసుకుని బస్సుకి పరిగెత్తింది.

పదిన్నరకి ల్యాబులో ఆమె ఒక ముసలాయన పంటి రంగు కుదురుస్తోంది. పదహారు రకాల తెలుపులున్న నమూనా పళ్ల వరసని వెలుతురుకి పెట్టి చూస్తుంటే ఫోన్ మోగింది.

"చక్రం ఊడిపోయింది!" భర్త గొంతు కీచుగా ఉంది.

"ఏంటీ?"

"జీపు చక్రం! ముందుది! నడుస్తూ నడుస్తూ ఊడి, మాకంటే ముందు అదే వెళ్లిపోయింది. మంగలి షాపు గోడకి ఆనుకుని నిలబడింది. బండి పక్కకి ఒరిగి గోడకి కొట్టుకుంది. అమ్మ చెయ్యి..."

ఆ కంగారులో నోటికి మొదట ఏ మాట వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"ఏ వైపుది? ఎడమదా?"

"అమ్మ చెయ్యి విరిగిందంటుంటే, ఏ వైపు చక్రమని అడుగుతున్నావా నువ్వు?" అన్నాడతను, నెమ్మదిగా. "ఎడమదే. నీకెలా తెలుసు?"

ఆమె చేతిలోంచి నమూనా పళ్లు జారి నేల మీద చెల్లాచెదురయ్యాయి.

ఎలా తెలుసంటే, ఆదివారం నాడు మామాకోడళ్లు ముందు చక్రాలు రెండూ విప్పి గ్రీజు మార్చారు. కుడి చక్రం బిగించడం పూర్తయింది. ఎడమది జాకీ మీదుండగా ఆమె ఐదు నట్లూ చేత్తో తిప్పి, గీతలు పెట్టింది. సరిగ్గా అప్పుడే ల్యాబు నుంచి పిలుపు. మర్నాడు ఉద్యోగం ఇంటర్వ్యూ ఉన్న ఒకాయనకి ముందు పన్ను ఊడిందట, ఉన్నపళాన రమ్మన్నారు. ఆమె చేతులు తుడుచుకుని పరిగెత్తింది. లోపల భోజనం చేస్తున్న మామగారికి ఏమీ చెప్పలేదు. చెప్పడం ఆ షెడ్డు పద్ధతి కాదు. గీత ఉంది కదా, ఆయన చూసుకుంటారు. రాత్రి తిరిగొచ్చేసరికి జీపు నేల మీద దిగి ఉంది. అయితే ఆయన బిగించేశారన్నమాట అనుకుంది.

ఆస్పత్రిలో అత్తగారి ఎడమ మణికట్టుకి కట్టు వేస్తున్నారు. కొడుకు నుదుటి మీద కోడిగుడ్డంత బొప్పి. బెల్టు లేకపోతే ఆవిడ ముందు అద్దంలోంచి బయటపడేదని నర్సు పదిసార్లు చెప్పింది. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ఫోర్‌మన్ గారు బల్ల మీద కొయ్యబొమ్మలా కూర్చున్నారు. కోడలు రాగానే లేచి నిలబడ్డారు.

"ఎడమ చక్రం నువ్వే కదా పెట్టింది?"

"అవును మామయ్యా. పసుపు పెట్టి వెళ్లాను."

"పసుపా?" ఆయన మొహం పాలిపోయింది. "ఏం మాట్లాడుతున్నావ్? ఆదివారం సాయంత్రం బండి దించబోతూ చూశాను. తెలుపుంది, బిగించాక ఇంకేదో పనికి మళ్లీ జాకీ ఎత్తావనుకున్నాను. ఈ పొద్దున్న వంగి చూశాను. ఐదుకి ఐదూ తెలుపే."

"లేదు మామయ్యా, నేను పసుపే..."

"అంటే నా కళ్లు నెత్తికెక్కాయంటావా?"

గదిలో అందరూ నిర్ఘాంతపోయారు. ఆయన ఎన్నడూ గొంతు పెంచే మనిషి కాదు.

అత్తగారు అందుకుంది. నొప్పితో, భయంతో ఆవిడకి ఒళ్లు తెలియడం లేదు. "దానికి ముందే తెలుసండీ! వీడు ఫోన్ చేస్తే అత్తయ్య బతికుందా అని అడగలేదు. ఎడమదా అని అడిగింది! బిగించకుండా తెల్లరంగు పూసి చేతులు దులుపుకుని పోయింది. నన్ను చంపబోయింది మహాతల్లి!"

"అత్తయ్యా!"

"పిలవకు నన్నలాగ."

భర్త ఏమన్నా అంటాడేమోనని కోడలు అతనివైపు చూసింది. అతను బొప్పి తడుముకుంటూ నేల చూపులు చూశాడు. "తొందరలో సీసా మారిపోయి ఉంటుందిలే," అన్నాడు చివరికి. అది సమర్థించడమో, నేరం ఖాయం చేయడమో అతనికే తెలియాలి.

ఇంటికొచ్చాక ఫోర్‌మన్ గారు షెడ్డు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారు. అప్పటికే జీపుని లాక్కొచ్చి లోపల పెట్టారు, ఒక కాలు విరిగిన గేదెలా ఉందది.

"నువ్వు బిగించడం మర్చిపోయినా నేనేమీ అనేవాణ్ణి కాదమ్మాయ్. మనుషులన్నాక మర్చిపోతారు. అందుకే గీత పెట్టుకున్నాం. నువ్వు గీతకి అబద్ధం నేర్పావు. ఇక ఈ షెడ్డులో ఇద్దరం పనిచేయలేం. లోపలికి రాకు."

చెంప మీద కొట్టినా ఆమెకి అంత నొప్పి పుట్టేది కాదు.

ఆ తర్వాతి మూడు రోజులూ ఆ ఇంట్లో కోడలు ఎలా తిరిగిందో ఆమెకే తెలియాలి. సెలవు పెట్టి అత్తగారికి అన్నీ తనే చేసింది. జడ వేస్తే తల పక్కకి తిప్పుకునేది ఆవిడ. గ్లాసు అందిస్తే "అక్కడ పెట్టు" అనేది. అంతకన్నా ఘోరమైన సంగతి, కోడలికి తన మీద తనకే నమ్మకం సడలింది. పసుపే పెట్టానా? ఫోన్ మోగినప్పుడు చేతిలో ఉన్నది ఏ సీసా? రోజంతా పదహారు తెలుపుల మధ్య తేడా పట్టుకునే మనిషిని, పసుపుకి బదులు తెలుపు తీస్తానా? ఏమో, తీశానేమో! ఇంతమంది ఇంత గట్టిగా చెబుతున్నారు. ఇంటి పని చేస్తున్నంతసేపూ కుడిచెయ్యి కేసి అనుమానంగా చూసుకునేది.

ఫోర్‌మన్ గారు మాత్రం ఇంటిపట్టున లేరు. పొడుగాటి కర్రకి పెద్ద అయస్కాంతం కట్టి, ఇంటి దగ్గర్నుంచి మంగలి షాపు దాకా రోడ్డు వారంతా నేలకి రాస్తూ నడుస్తున్నారు. రాలిపోయిన నట్ల కోసం. "కళ్లతో వెతకొచ్చు కదండీ, ఆ కర్రెందుకు?" అని టైర్ల షాపువాడు అడిగితే, "ఇది డిపో పద్ధతిలే," అన్నారట. మందు తేవడానికి వెళ్తూ కోడలు దూరం నుంచి చూసింది. కర్ర కొసకి మేకులు, సీసా మూతలు, గుర్రపు నాడా ముక్క అంటుకుని ఉన్నాయి. ఆయన ఒక్కోదాన్నీ మొహం దగ్గరికి తెచ్చుకుని చూసి పారేస్తున్నారు. తనని దోషిగా నిలబెట్టడానికి ఆ ఎండలో అంత కష్టపడుతున్నారని తెలిసి కూడా, ఆ వంగిపోయిన వీపు చూస్తే ఆమెకి వెళ్లి ఆ కర్ర అందుకోవాలనిపించింది.

శుక్రవారం మందుల షాపుకి సెలవు. పదకొండింటికి అందరూ ఇంట్లోనే ఉన్నారు. ఫోర్‌మన్ గారు చెమటలు కక్కుతూ వచ్చి, కిటికీ పక్క భోజనాల బల్ల మీద తువ్వాలు మూట పెట్టారు.

"అందరూ రండి ఇటు."

పడక కుర్చీలోంచి అత్తగారు లేచి వచ్చింది. కొడుకు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కోడలు వంటగది గుమ్మంలో ఆగింది.

"నువ్వు కూడా. దగ్గరికి రా," అన్నారాయన. "వెనకాల మాట్లాడటం నాకు చేతకాదు. మొహం మీదే తేల్చుకుందాం. ఐదు నట్లకి రెండు దొరికాయి. ఒకటి కాలవ పక్కన, ఒకటి టైర్ల షాపు ముందు. కిరసనాయిల్లో జాగ్రత్తగా కడిగాను. గీత చెరగలేదు. మూడు రోజులుగా ఈ పిల్ల పసుపు, పసుపు అంటోంది. నేను చూడకుండా బండి పంపానని చెప్పడమే అది. ముప్పై రెండేళ్లలో నేను చూడకుండా ఒక్క బస్సు గేటు దాటలేదు."

తువ్వాలు విప్పారు. రెండు నట్లు. కిటికీలోంచి పడుతున్న ఎండ సరిగ్గా వాటి మీదే ఉంది.

"చూడండి. ఇంత తెల్లటి గీత పెట్టుకుని పసుపంటే ఎవరు నమ్ముతారు?"

కోడలు చూసింది. గీతలు పసుపు. సందేహపడటానికి సందు లేనంత పసుపు, నిమ్మపండు తొక్కంత పసుపు. నేను తప్పు చేయలేదు, నా చెయ్యి తప్పు చేయలేదు! మూడు రోజుల బరువు ఒక్కసారిగా ఆమె భుజాల మీంచి దిగింది.

మరుక్షణమే రెండో సంగతి తట్టింది. ఆయన అబద్ధం ఆడటం లేదు. నాటకం ఆడే మనిషైతే మూడు రోజులు ఎండలో తిరిగి ఈ నట్లు తెచ్చి అందరి ముందూ పెట్టడు. ఆయనకి ఇవి నిజంగా తెల్లగానే కనిపిస్తున్నాయి. గెలిచిన మనిషిలా, బల్లకి అటువైపు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ మొహంలో ఉన్న ఆ నిశ్చింత ఇంకో మాటతో పోతుంది.

భర్త నట్ల కేసి, తండ్రి కేసి మార్చి మార్చి చూశాడు. అతని నోరు తెరుచుకుంది. అతను మాట్లాడేలోగా కోడలు గబుక్కున చెయ్యి చాపి రెండు నట్లూ పిడికిట్లో బిగించేసింది.

"అవును మామయ్యా. తెలుపే. తప్పు నాదే. ఆ రోజు తొందరలో తెల్ల సీసా తీశాను. క్షమించండి."

భర్త ఆమె కేసి దెయ్యాన్ని చూసినట్టు చూశాడు. ఫోర్‌మన్ గారు తల ఊపారు. "ఆ ముక్క మొదటి రోజే చెప్పుంటే పోయేది," అన్నారు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"పిడికిలి విప్పు."

అన్నది అత్తగారు.

"వదిలేయండి అత్తయ్యా, ఒప్పుకున్నాను కదా."

"విప్పమన్నానా!"

కోడలు విప్పలేదు. ఆవిడ తన మంచి చేత్తో కోడలి వేళ్లు ఒక్కొక్కటే పెళ్లగించి, ఒక నట్టు తీసుకుంది. దాన్ని ఎత్తి, కట్టు కట్టిన తన ఎడమ చేతి పక్కన పెట్టింది. కొత్త కట్టు, మల్లెపువ్వులా ఉంది.

"ఏమండీ. నా కట్టు ఏ రంగు?"

"అదేం ప్రశ్న? తెలుపు."

"ఈ నట్టు మీద గీత?"

"తెలుపు. ఇందాకట్నుంచీ చెబుతున్నది అదేగా."

"రెండూ ఒకే రంగా?" ఆవిడ నట్టుని కట్టుకి ఆనించింది. "సరిగ్గా చూసి చెప్పండి."

ఆయన వంగి చూశారు. కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు. నట్టుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశారు. వెనక్కి తిరిగి ముగ్గురి మొహాలూ చూశారు.

"ఒకటే కదా?" అన్నారు. "కాదా?"

కొడుకు ఆయన చేతిలోని నట్టుని మెల్లగా వెలుతురుకి తిప్పాడు.

"నాన్నా," అన్నాడు. "అది పసుపు."

ఫోర్‌మన్ గారు కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపారు. కుర్చీ ఒక మూర దూరంలో ఉంది. కోడలు లాగి వెయ్యకపోతే కింద పడేవారే. చాలాసేపు నట్టుని బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నారు, రుద్దితే రంగు తెలుస్తుందేమో అన్నట్టు.

"మసగ్గా ఉందని తెలుసు," అన్నారు ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు. "బల్బులు సరైనవి రావట్లేదనుకున్నాను. మూడుసార్లు మార్చాను. రోడ్డు మీద నట్లు కనబడవని అయస్కాంతం కట్టుకున్నాను. కానీ రంగు పోయిందని... నాకు తెలుపు తెలుపుగానే కనిపిస్తుంటే, పసుపు పోయిందని ఎవరు చెబుతారు నాకు?"

చటుక్కున తలెత్తారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"స్టీరింగు రాడ్డు నట్లు! పోయిన నెలవి! అవి నేనే చూసి సరే అన్నాను. బ్రేకు గొట్టాలవి కూడా..."

"అవి నేను పానా వేసి బిగించినవే మామయ్యా. తెలుపు పెట్టాను. ఏం భయంలేదు."

"నువ్వు పెట్టావు. నేను చూశాననుకున్నది మాత్రం చూడలేదు." ఆయన నట్టుని బల్ల మీద పెట్టేశారు. "ఎన్నాళ్లుగా చూడట్లేదో! ఇదే ఘాటు రోడ్డయితే? మీ అత్తయ్యా, వీడూ..."

మాట పూర్తికాలేదు. ఫోర్‌మన్ గారు రెండు చేతుల్లో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. ఆయన ఏడవడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. కొడుకు ఏం చెయ్యాలో తెలియక ఫ్యాను వేగం పెంచాడు.

అత్తగారు ఆయన దగ్గరికి వెళ్లలేదు. కోడలి మీదికి తిరిగింది.

"ఎందుకే అబద్ధమాడావు?"

"ఆయన మొహం చూడలేకపోయానత్తయ్యా. తర్వాత మెల్లగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామనుకున్నా."

"మెల్లగానా? నువ్వు మెల్లగా అంటూ ఉండగానే ఆయన రేపు ఆ బండి కింద దూరి, కనబడీ కనబడక ఏదో విప్పి, దాన్ని గుండెల మీదికి దించుకుంటాడు. అప్పుడు ఏ మొహం చూస్తావే? చెప్పు!" అంటూనే ఆవిడ బావురుమంది. "మూడు రోజులు నిన్ను నానా మాటలూ అన్నాను. చంపబోయావన్నాను. నువ్వు బిగించిన బెల్టు వల్ల బతికున్న నోటితో అన్నాను. ఆ మాటలన్నీ పడి, ఇవాళ నిర్దోషివని తేలే వేళకి, ఆ తప్పు నెత్తినేసుకుంటావా? ఏం మనిషివే నువ్వు!"

ఒంటిచేత్తో కోడల్ని దగ్గరికి లాక్కుంది. కట్టు మధ్యలో అడ్డమొచ్చి ఇద్దరికీ నొప్పి పుట్టింది. అయినా వదల్లేదు.

ఫోర్‌మన్ గారు కళ్లు తుడుచుకున్నారు. "అమ్మాయ్, ఇటు రా. మొన్న షెడ్డు దగ్గర నిన్నొక మాటన్నాను."

"వదిలేయండి మామయ్యా."

"వదిలేయడానికి అది చిన్న మాటా? గీతకి అబద్ధం నేర్పావన్నాను. నీ గీత నిజమే చెప్పింది. నువ్వూ నిజమే చెప్పావు. మూడు రోజులు నువ్వు చెప్పిన నిజాన్ని నేను వినలేదు. వినకు, గీతే లెక్క అని నేనే నేర్పాను కదా." ఆయన బల్ల మీది తువ్వాలు మడత పెట్టారు. "డిపోలో కళ్లు పోయిన మేస్త్రిని ఏం చేసేవాళ్లో తెలుసా? గేటు దగ్గర స్టూలు వేసి, వచ్చే బస్సూ పోయే బస్సూ లెక్కపెట్టమనేవాళ్లు. అలా ఇద్దర్ని నేనే కూర్చోబెట్టాను. నన్నలా కూర్చోబెడతారని లోపలెక్కడో భయం. అందుకే బల్బుల్ని తిట్టుకుంటూ గడిపేశాను."

"మిమ్మల్ని ఎవరు కూర్చోబెడతారు మామయ్యా!"

"కూర్చోబెట్టినా నీ తప్పులేదు," అన్నారాయన. "తప్పు చేసినవాణ్ణి నేను."

మర్నాడు పొద్దున్నే నలుగురూ కంటి ఆస్పత్రికి వెళ్లారు. ఆటోలో ఇరుక్కుని వెళ్తుంటే అత్తగారు "సవతి కన్నా ఇదే ఒళ్లు హూనం చేస్తోంది" అంది. ఎవరూ నవ్వలేదు గాని ఎవరికీ కోపమూ రాలేదు. ఫోర్‌మన్ గారు ఇద్దరి మధ్యా బుద్ధిగా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

చీకటి గదిలో డాక్టరమ్మ ఆయన కళ్లలోకి దీపం వేసి చాలాసేపు చూసింది.

"రెండు కళ్లలోనూ శుక్లాలు బాగా ముదిరాయి. గోధుమరంగు అద్దంలోంచి లోకాన్ని చూస్తున్నట్టే. తెలుపు మీద కూడా ఆ రంగు పడిపోయి, పసుపు, తెలుపు కలిసిపోయాయి. మెల్లమెల్లగా వస్తుంది కాబట్టి మనిషికి తెలీదు. కంగారేం లేదు, ఆపరేషన్ చేస్తే చూపొస్తుంది. ఒకటి అయ్యాక ఇంకోటి చేద్దాం." కాగితం ముందుకి లాక్కుంది. "ఏం పని చేస్తారు మీరు?"

"రిటైరయ్యారండీ," అన్నాడు కొడుకు. "ఇప్పుడేం చేయట్లేదు."

"ఎందుకు చేయట్లేదు?" ఫోర్‌మన్ గారు స్టూలు మీదే నిటారుగా అయ్యారు. గుమ్మం దగ్గర నిలబడ్డ కోడలివైపు చెయ్యి చూపించారు. వెలుతురు ఆమె వెనక నుంచి వస్తోంది, ఆయనకి మొహం కనబడే వీల్లేదు. "జీపు పని. ఆ అమ్మాయి దగ్గర చేస్తున్నాను. ఆవిడ మా మేస్త్రి."

కొడుకు నోరు వెళ్లబెట్టాడు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ రాయడం ఆపి, గుమ్మం కేసి చూసింది.

"అయితే మీరే చెప్పాలి. ఈయనకి సెలవెన్నాళ్లిస్తారు?"

కోడలు గుమ్మంలోంచి ఆయన స్టూలు దగ్గరికి వచ్చింది.

"చూపు పూర్తిగా వచ్చేదాకా, ఎన్నాళ్లయినా సరే," అంది. "ఆ మర్నాడు మాత్రం పనిలోకి వచ్చి తీరాలి. ఆయన లేకుండా నాకు కుదరదు."